దీపపు జాలీ, డిమ్మింగ్ థర్మోస్టాట్: ఆరు నెలలు వాడాక

గత డిసెంబరు చలిలో, బెంగళూరులోని మా ఇంట్లో, మేము పెంచుకుంటున్న బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి వేడి దీపానికి ఆనుకుని పడుకుని వీపు మీద రూపాయి బిళ్లంత మేర కాల్చుకుంది. పైనుంచి తగిలే వేడికి చర్మం కాలుతున్నా సరీసృపాలు చాలాసార్లు పక్కకు తొలగవు. గాయాన్ని చల్లని నీటితో (ఐసు పెట్టకూడదు) తడిపి తీసుకెళ్ళగా, పశువైద్యురాలు సిల్వర్ సల్ఫాడయాజిన్ పూత రాసి, మానేదాకా దాని గూటిలో ఇసుక తీసేసి తెల్ల కాగితం పరచమన్నారు.

ఆ తర్వాతే శివాజీనగర్‌లో దీపాన్ని కప్పే జాలీ, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ రెండూ కొన్నాను. జాలీ గట్టిదే కానీ దీపం వెలిగిన కాసేపటికి తీగలే చురుక్కుమంటున్నాయి. డ్రాగన్ ఎగబాకి పట్టుకోలేనంత ఎత్తున బిగిస్తేనే ప్రయోజనం. థర్మోస్టాట్ మాత్రం మెచ్చుకోదగ్గది: దీపాన్ని టపటపా ఆర్పి వెలిగించకుండా కాంతిని తగ్గిస్తూ, పెంచుతూ, ఎండ కాచుకునే రాయి దగ్గర 40 డిగ్రీలను నిలకడగా ఉంచుతోంది. అయితే సెన్సర్‌ను అంటించే రబ్బరు బిళ్ల వారానికే ఊడింది. సెన్సర్ జారి చల్లని మూలకు పడితే, యంత్రం చలిగా ఉందనుకుని దీపాన్ని పూర్తిగా వెలిగిస్తుంది. అంటే కాపలాదారే దొంగకు తలుపు తీసినట్టు. నేను సెన్సర్‌ను ప్లాస్టిక్ ట్యాగుతో రాయికే కట్టేసి, విడిగా ఒక థర్మామీటరుతో రోజూ సరిచూస్తున్నాను.