పిక్సెల్ సెటప్‌కి డబ్బు కడుతున్నారా? పచ్చ చుక్క చూసి పని అయిపోయిందనుకోకండి

చిన్న వ్యాపారం వెబ్‌సైట్‌కి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాడ్ ట్రాకింగ్ పెట్టించుకోబోతున్నవాళ్లు డబ్బు చేతులు మారకముందే ఇది చదవండి. పిక్సెల్ అంటే సైట్‌లో ఎవరేం చేశారో బ్రౌజర్ నుంచి మెటాకి (ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల సంస్థకి) చెప్పే చిన్న కోడ్. అదే కబురును మీ సర్వర్ నుంచి పంపేది కన్వర్షన్స్ ఏపీఐ. అలా వెళ్లే ఒక్కో కబురు ఒక ఈవెంట్. "పిక్సెల్, కన్వర్షన్స్ ఏపీఐ రెండూ ఒక్క రోజులో, వంద శాతం ట్రాకింగ్ గ్యారంటీ" అంటూ అమ్మే సర్వీసుల్లో చాలావాటి పని ఒకే స్క్రీన్‌షాట్‌తో ముగుస్తుంది. ఈవెంట్లన్నీ కనిపించే మెటా తెర ఈవెంట్స్ మేనేజర్‌లో పిక్సెల్ పేరు, పక్కన పచ్చ చుక్క, "యాక్టివ్" అన్న మాట. అది చూసి మిగతా డబ్బు ఇచ్చేస్తాం.

ఆ పచ్చ చుక్కకి అర్థం ఒక్కటే. ఆ పిక్సెల్‌కి ఈమధ్య ఏదో ఒక ఈవెంట్ అందింది, అంతే. అది సరైన ఈవెంటా, ఒకే ఆర్డరు రెండుసార్లు లెక్కలో పడిందా, పంపిన విలువ నిజమైనదా, అసలు ఆ పిక్సెల్ మీ పేరు మీద ఉందా, ఇవేవీ అది చెప్పదు.

ముందు ఆఖరి ప్రశ్న సంగతే చూడండి. తర్వాత సరిదిద్దుకోలేని నష్టం అక్కడే ఉంది. సెటప్ చేసేవాళ్లు మీ నుంచి యాక్సెస్ వచ్చేదాకా ఆగలేక, లేదా కావాలనే, తమ సొంత బిజినెస్ పోర్ట్‌ఫోలియోలో (మెటాలో ఒక వ్యాపారం ఆస్తులన్నీ ఉండే ఖాతాలో) పిక్సెల్ తయారుచేసి దాని కోడ్ మీ సైట్‌లో పెడతారు. యాడ్స్ నడుస్తాయి, రిపోర్టులు వస్తాయి, ఏ తేడా కనపడదు. వాళ్లతో పని మానుకున్న రోజున అసలు సంగతి తెలుస్తుంది. పిక్సెల్ యాజమాన్యాన్ని ఒక పోర్ట్‌ఫోలియో నుంచి ఇంకోదానికి రాసివ్వడం కుదరదు, యాక్సెస్ పంచుకోవడమే కుదురుతుంది. సైట్‌కి వచ్చినవాళ్లతో కట్టిన ఆడియన్స్‌లో గరిష్ఠంగా 180 రోజుల జనం ఉంటారు. ఆ జాబితా, ఇన్నాళ్ల కొనుగోళ్ల చరిత్ర అన్నీ వాళ్ల దగ్గరే ఉండిపోతాయి. మీరు మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాలి.

అందుకని బిజినెస్ సెట్టింగ్స్‌లో డేటా సోర్సెస్ కిందికి వెళ్లి, డేటాసెట్లు, పిక్సెల్స్ ఉన్న చోట యజమానిగా ఎవరి పేరుందో మీ కళ్లతో చూడండి. మీ పోర్ట్‌ఫోలియో పేరే ఉండాలి. పని చేసేవాళ్లని వాళ్ల బిజినెస్ ఐడీతో "పార్ట్‌నర్"గా చేర్చితే చాలు. పాస్‌వర్డ్ ఇవ్వాల్సిన అవసరం ఏ దశలోనూ రాదు. అడిగారంటే అక్కడే ఆగిపోండి. డొమైన్ వెరిఫికేషన్ (సైట్ మీదేనని మెటాకి రుజువు చెయ్యడం) కూడా మీ పోర్ట్‌ఫోలియో నుంచే జరగాలి. మెటా ట్యాగ్ పెట్టినా, ఫైల్ అప్‌లోడ్ చేసినా, డొమైన్ సెట్టింగ్స్ (డీఎన్‌ఎస్)లో టీఎక్స్‌టీ రికార్డ్ వేసినా ఫలితం ఒకటే.

సైట్ కోడ్ మార్చకుండానే బయటినుంచి స్క్రిప్ట్‌లు పెట్టే గూగుల్ ట్యాగ్ మేనేజర్ విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండాలి. ఆ స్క్రిప్ట్‌లుండే కంటైనర్ వాళ్ల ఖాతాలో ఉంటే, ఎప్పుడు కావాలంటే అప్పుడు మీ సైట్‌లోకి ఏ స్క్రిప్ట్ అయినా పంపగలిగే తాళం చెవి వాళ్ల చేతిలో ఉన్నట్టే. పని ముగిశాక కూడా ఆ చెవి వాళ్ల దగ్గరే ఉంటుంది. ఖాతా మీరు తెరిచి, అడ్మిన్‌గా మీరుండి, వాళ్లకి పని నడిచినన్నాళ్లే పబ్లిష్ హక్కు ఇవ్వండి.

ఇక లెక్కల సంగతి. చాలామంది నష్టపోయేది ఇక్కడే, అదీ లాభం వస్తోందనుకుంటూ. ఒకే పిక్సెల్ సైట్‌లోకి మూడు దారుల్లో దూరగలదు: థీమ్ హెడర్‌లో అతికించిన కోడ్, ప్లగిన్, ట్యాగ్ మేనేజర్. పాత కోడ్ తియ్యకుండా కొత్తది పెడితే ప్రతి ఈవెంటూ రెండు మూడుసార్లు వెళ్తుంది. పేజీ సోర్స్ (పేజీ వెనకున్న కోడ్) తెరిచి ఎఫ్‌బీక్యూ (fbq) అన్న మూడక్షరాల కోసం వెతకండి. దాని పక్కన "ఇనిట్" (init) ఉన్న వరుసలు ఎన్ని ఉన్నాయో, వాటిలోని పొడవాటి అంకె మీ పిక్సెల్ ఐడీయో కాదో సరిచూడండి. ట్యాగ్ మేనేజర్ ద్వారా వచ్చేది సోర్స్‌లో కనపడదు కాబట్టి, క్రోమ్‌లో పేజీ నుంచి వెళ్లే ఈవెంట్లను చూపే మెటా పిక్సెల్ హెల్పర్ ఎక్స్‌టెన్షన్ కూడా వేసుకోండి. ఒక పేజీ ఒకసారి తెరిస్తే పేజ్‌వ్యూ (పేజీ తెరిచారన్న ఈవెంట్) ఒక్కటే రావాలి.

కన్వర్షన్స్ ఏపీఐ చేరాక డబుల్ లెక్క ఇంకో రూపంలో వస్తుంది. బ్రౌజర్ నుంచి ఒక పర్చేజ్ (కొన్నారన్న ఈవెంట్), సర్వర్ నుంచి అదే పర్చేజ్ రెండోసారి వెళ్తాయి. అలా వెళ్లడమే పద్ధతి, అందులో తప్పు లేదు. రెండిటికీ ఈవెంట్ పేరు, ఈవెంట్ ఐడీ అచ్చంగా ఒకటే ఉండి, 48 గంటల లోపు అందితే మెటా వాటిని కలిపి ఒకటిగా లెక్కిస్తుంది. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, బ్రౌజర్‌లో ఒక యాదృచ్ఛిక ఐడీ, సర్వర్‌లో ఇంకో యాదృచ్ఛిక ఐడీ పుట్టిస్తారు. రెండూ ఎన్నటికీ కలవవు. ఏడు ఆర్డర్లు వస్తే పద్నాలుగు కనపడతాయి. యాడ్ మీద రాబడి రెట్టింపైనట్టుంటుంది, మీరు సంబరపడి బడ్జెట్ పెంచుతారు. ఐడీని ఆర్డర్ నంబర్ నుంచే తయారుచెయ్యమనండి. రెండు వైపులా ఒకటే వస్తుంది, తర్వాత వెతుక్కోవడమూ తేలిక.

ధన్యవాదాల పేజీ మీద పెట్టిన పర్చేజ్ ఈవెంట్‌ని కూడా నమ్మకండి. కొన్నవాళ్లు ఆ పేజీని రిఫ్రెష్ చేస్తారు, మెయిల్‌లోని లింకు పట్టుకుని రెండ్రోజుల తర్వాత మళ్లీ తెరుస్తారు. తెరిచిన ప్రతిసారీ ఒక కొత్త అమ్మకం నమోదవుతుంది. ఒక ఆర్డర్‌కి ఈవెంట్ ఒకసారి వెళ్లాక, "పంపాం" అన్న గుర్తు ఆ ఆర్డర్ రికార్డులో పడాలి. పరీక్ష చాలా తేలిక. ఆర్డర్ పెట్టి ఆ పేజీని మూడుసార్లు రీలోడ్ చెయ్యండి. హెల్పర్‌లో పర్చేజ్ మళ్లీ కనపడితే పని పూర్తి కాలేదు.

దీన్ని మించిన తప్పుడు పని ఒకటుంది. కోడ్ రాయడం చేతకాక, ఈవెంట్ సెటప్ టూల్‌తో "కొనండి" బటన్ నొక్కుడికే పర్చేజ్ తగిలించేస్తారు. డబ్బు కట్టకముందే అమ్మకం అయిపోయినట్టు లెక్క. ఇది రిపోర్టులో అంకె తప్పడంతో ఆగదు. పర్చేజ్ ఎవరు చేస్తున్నారో చూసి అలాంటివాళ్లకే యాడ్ చూపించడం మెటా పని. బటన్ నొక్కి వెళ్లిపోయేవాళ్లే కొనుగోలుదారులని మీరు దానికి నేర్పితే, అది సరిగ్గా అలాంటివాళ్లనే వెతికి తెస్తుంది. యాడ్ సెట్ (ఒకే జనానికి చూపే యాడ్ల గుంపు) లెర్నింగ్ దశ, అంటే ఎవరికి చూపాలో మెటా నేర్చుకునే దశ, దాటాలంటే వారానికి సుమారు 50 ఈవెంట్లు కావాలి. దొంగ అంకెలతో ఆ దశ చప్పున దాటేస్తుంది కాబట్టి, మొదటి రెండు వారాలు అంతా బాగున్నట్టే ఉంటుంది. మీ డబ్బు మాత్రం తప్పుడు జనం మీద ఖర్చవుతూ ఉంటుంది.

విలువ దగ్గర మరో చిన్న లోపం, కానీ ఘోరంగా దెబ్బతీస్తుంది. పర్చేజ్‌తో పాటు వాల్యూ, మూడక్షరాల కరెన్సీ కోడ్ రెండూ తప్పకుండా వెళ్లాలి. వాల్యూ అంటే ఉత్త అంకె. కామా గానీ కరెన్సీ గుర్తు గానీ ఉండకూడదు. పేజీ మీద కనిపించే "1,250" అన్న అక్షరాలనే తీసుకుని జావాస్క్రిప్ట్‌లో పార్స్‌ఫ్లోట్ చేస్తే కామా దగ్గర ఆగిపోయి 1 వస్తుంది. పన్నెండొందల యాభై ఆర్డర్ రిపోర్టులో ఒకటిగా నిలబడుతుంది. వెయ్యి లోపు ఆర్డర్లన్నీ సరిగ్గానే కనిపిస్తాయి గనుక ఇది నెలల తరబడి ఎవరి కంటా పడదు. పరీక్ష ఆర్డర్ ఎప్పుడూ వెయ్యి దాటినదే పెట్టండి.

పేమెంట్ గేట్‌వే వాడే సైట్లలో తిప్పలు దీనికి తలకిందులు. కొన్నవాళ్లు డబ్బు కట్టేసి, మీ సైట్‌కి తిరిగి రాకముందే ట్యాబ్ మూసేస్తారు. బ్రౌజర్ పిక్సెల్‌కి ఆ అమ్మకం తెలీనే తెలీదు. కన్వర్షన్స్ ఏపీఐ పెట్టించుకోవడంలో అసలు ప్రయోజనం ఇదే. అయితే సర్వర్ ఈవెంట్ ఆర్డర్ పుట్టినప్పుడు కాదు, పేమెంట్ ఖాయమైనప్పుడు వెళ్లాలి. లేదంటే ఫెయిలైన ఆర్డర్లూ అమ్మకాలైపోతాయి. గేట్‌వే కబురు సర్వర్‌కి వచ్చే సమయానికి కొనుగోలుదారు బ్రౌజర్ అక్కడ ఉండదు. కాబట్టి ఎఫ్‌బీపీ, ఎఫ్‌బీసీ కుకీలు (పిక్సెల్ బ్రౌజర్‌లో దాచే గుర్తులు), ఐపీ అడ్రస్, యూజర్ ఏజెంట్ (ఏ బ్రౌజరో చెప్పే వరుస), ఇవన్నీ చెకౌట్‌లోనే ఆర్డర్‌తో పాటు దాచి, తర్వాత పంపాలి. చాలామంది ఇది వదిలేస్తారు. అప్పుడు గేట్‌వే సర్వర్ ఐపీయే ప్రతి కొనుగోలుదారు ఐపీగా వెళ్తుంది, ఈవెంట్ మ్యాచ్ క్వాలిటీ (ఈవెంట్ ఎవరిదో మెటా ఎంత బాగా పోల్చుకోగలదన్న కొలత) పడిపోతుంది.

ఇప్పుడు అన్నిటికంటే గుర్తుంచుకోవాల్సిన మాట. అంకెలు కలవట్లేదని మీరు అడిగినప్పుడు, "అట్రిబ్యూషన్ అంతేనండీ, ఐఓఎస్ అప్‌డేట్ వల్ల" అన్న జవాబు వస్తుంది. అట్రిబ్యూషన్ అంటే ఏ అమ్మకం ఏ యాడ్ వల్ల వచ్చిందో లెక్కకట్టడం. ఆ జవాబులో సగం నిజం ఉంది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఐఓఎస్ 14.5 నుంచి యాప్‌లు ట్రాకింగ్‌కి అనుమతి అడగాల్సి వస్తోంది. సఫారీ, స్క్రిప్ట్ పెట్టిన కుకీలను 7 రోజులకే తుడిచేస్తుంది. యాడ్ల ఫలితాలు కనిపించే తెర, యాడ్స్ మేనేజర్, మామూలుగా చూపేది యాడ్ క్లిక్ చేసిన 7 రోజుల్లో, చూసిన 1 రోజులో జరిగినవే. అందుకే యాడ్స్ మేనేజర్ అంకె మీ దుకాణం అంకెతో కలవదు. వంద శాతం గ్యారంటీ అన్నది అబద్ధమని చెప్పడానికి కూడా ఇదే కారణం. కానీ ఈవెంట్స్ మేనేజర్ వేరు. అక్కడ కనిపించే పర్చేజ్‌లు యాడ్ నుంచి వచ్చినవే కానక్కర్లేదు, సైట్‌లో జరిగిన అన్ని అమ్మకాలూ అందులోకి వస్తాయి. సర్వర్ ట్రాకింగ్ సరిగ్గా ఉంటే, ఆ అంకె మీ ఆర్డర్ల పట్టికకి దగ్గరగా ఉండి తీరాలి. ఆర్డర్లు 40, అక్కడ 38 అంటే సరే. 80 గానీ 15 గానీ ఉంటే అది అట్రిబ్యూషన్ కాదు, సెటప్ తప్పు. ఈ రెండు తెరల తేడా తెలిస్తే మిమ్మల్ని ఎవరూ మాటలతో తిప్పి పంపలేరు.

కొనుగోలుదారుల వివరాల విషయంలో అసలు రాజీ పడొద్దు. మెయిల్, ఫోన్ వంటివి ఎస్‌హెచ్‌ఏ-256తో హ్యాష్ చేసే (నేరుగా చదవలేని అక్షరాల వరుసగా మార్చే) పంపాలి. హ్యాష్ చేసేముందు మెయిల్‌ను చిన్నక్షరాల్లోకి మార్చి ఖాళీలు తియ్యాలి, ఫోన్‌కి దేశం కోడ్ చేర్చాలి. లేకపోతే హ్యాష్ పూర్తిగా మారిపోయి ఎవరితోనూ సరిపోలదు. పేజీ అడ్రస్‌లోనే మెయిల్ కనిపించే ఫారాలుంటే, పిక్సెల్ ఆ అడ్రస్‌ని ఉన్నదున్నట్టు మోసుకుపోతుంది. ఆరోగ్యానికి సంబంధించిన సైట్లయితే మరీ జాగ్రత్త. 2023లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ గుడ్ఆర్ఎక్స్, బెటర్‌హెల్ప్ సంస్థల మీద చర్య తీసుకున్నది, ఆరోగ్య సమాచారాన్ని యాడ్ కంపెనీలకు చేరవేసినందుకే. యూరప్ నుంచి కొనుగోలుదారులు వస్తుంటే, వాళ్లు ఒప్పుకున్నాకే పిక్సెల్ నడవాలి. కుకీ బ్యానర్‌లో "వద్దు" నొక్కి హెల్పర్ చూడండి. అప్పటికీ ఈవెంట్లు పోతుంటే ఆ బ్యానర్ ఉత్త అలంకారం.

ఏపీఐ టోకెన్ (సర్వర్ ఈవెంట్లు పంపడానికి వాడే రహస్య తాళం చెవి) సర్వర్‌లోనే ఉండాలి. పేజీ సోర్స్‌లో, జావాస్క్రిప్ట్ ఫైళ్లలో "ఈఏఏ" (EAA) అనే పెద్దక్షరాలతో మొదలయ్యే పొడవాటి వరుస దొరికిందంటే, ఎవరైనా మీ పేరుతో దొంగ ఈవెంట్లు పంపొచ్చు. ఆ టోకెన్ రద్దు చేయించి కొత్తది తీసుకోవాలి.

ఒప్పుకునే ముందు పరీక్ష మీ ఎదుటే జరగాలి. ఈవెంట్స్ మేనేజర్‌లో టెస్ట్ ఈవెంట్స్ ట్యాబ్ తెరిచి, యాడ్ బ్లాకర్ ఆపి, ఒక వస్తువు చూసి, బుట్టలో వేసి, నిజంగా డబ్బు కట్టి కొనండి. పర్చేజ్ రెండు వరుసలుగా రావాలి, ఒకటి బ్రౌజర్ నుంచి, ఒకటి సర్వర్ నుంచి. వాటిలో ఒకటి డూప్లికేట్‌గా తీసేసినట్టు చూపించాలి. ఆ ట్యాబ్‌లో ఇచ్చే టెస్ట్ కోడ్‌ని సర్వర్ ఈవెంట్‌కి జతచేశాక కూడా ఒకే వరుస వస్తే ఒక దారి పనిచెయ్యట్లేదు. రెండూ లెక్కలోకి వస్తే ఐడీలు కలవలేదు. హెల్పర్‌కి సర్వర్ ఈవెంట్లు కనిపించవు కాబట్టి, కేవలం దాని స్క్రీన్‌షాట్ చూపి "ఏపీఐ కూడా అయింది" అంటే ఒప్పుకోకండి. చెల్లింపులో కొంత భాగం 7 రోజుల అంకెలు పోల్చేదాకా అట్టిపెట్టుకుంటామని మొదట్లోనే రాతపూర్వకంగా చెప్పండి. పని తెలిసినవాళ్లు దీనికి అభ్యంతరం చెప్పరు.

ఇప్పటికే ఇలాంటి సెటప్‌లో ఇరుక్కుని ఉంటే, కోపంలో కోడ్ అంతా పీకెయ్యకండి. ఇనిట్ వరుసలు, ప్లగిన్లు, ట్యాగ్ మేనేజర్ కంటైనర్ ఐడీలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు రాసుకోండి. మీ పోర్ట్‌ఫోలియోలో కొత్త పిక్సెల్ తయారుచేసి, కొన్ని వారాలు పాతదానితో పక్కపక్కనే నడపండి. యాడ్ సెట్‌లో పిక్సెల్ మార్చితే లెర్నింగ్ మళ్లీ మొదలవుతుంది, అందుకని అమ్మకాలు జోరుగా ఉన్న వారంలో మార్చకండి. మారాక ట్యాగ్ మేనేజర్, సైట్ అడ్మిన్, హోస్టింగ్ మూడింటిలోనూ పాతవాళ్ల లాగిన్లు తీసేసి, పాత పిక్సెల్ కోడ్ తొలగించి, క్యాష్ ఖాళీ చెయ్యండి. తర్వాత సోర్స్‌లోనూ హెల్పర్‌లోనూ మళ్లీ వెతకండి. పిక్సెల్ ఐడీ ఒక్కటే కనపడాలి, అది మీదై ఉండాలి.