వారం వారం సీఎంవీ పీసీఆర్: ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్‌తో మా ఐదు నెలల అనుభవం

మా తమ్ముడికి బ్లడ్ క్యాన్సర్ వస్తే స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ చేశారు, కణాలు ఇచ్చింది నేనే. వెల్లూరులో అద్దె గదిలో 100 రోజులు గడిపాక విశాఖ వచ్చేశాం. వచ్చే ముందు డాక్టర్ గారు రెండుసార్లు చెప్పారు, స్టెరాయిడ్లు వాడుతున్నంత కాలం వారానికోసారి సీఎంవీ పీసీఆర్, అంటే రక్తంలో సీఎంవీ అనే వైరస్ ఎంతుందో చూసే టెస్ట్ చేయించి ఆ నంబర్ తనకు పంపాలని. ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకెళ్లే ఒక ల్యాబ్‌ని పట్టుకున్నాం. పేరు కావాలనే రాయడం లేదు, ఏ ల్యాబ్‌కి వెళ్లినా మీరు అడగాల్సినవి ఇవే కాబట్టి.

సీఎంవీ అంటే సైటోమెగలో వైరస్. మన దేశంలో పెద్దవాళ్లలో చాలామందికి చిన్నప్పుడే సోకి ఉంటుంది, సోకినట్టు కూడా తెలియదు. అది ఒంట్లోంచి పోదు, నిద్రపోతూ ఉంటుంది, రోగనిరోధక శక్తి దాన్ని లేవనివ్వదు. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఆ కాపలా ఉండదు కదా, అప్పుడు లేస్తుంది. మామూలుగా మొదటి 100 రోజుల్లోనే ఎక్కువ భయం, కానీ జీవీహెచ్‌డీ, అంటే ఇచ్చినవాళ్ల కణాలు తీసుకున్నవాళ్ల ఒంటి మీదే దాడి చేయడం, అది వచ్చి స్టెరాయిడ్లు పడితే ఆ భయం తర్వాత కూడా పోదు. మా తమ్ముడిది అదే పరిస్థితి. పైగా ఇచ్చేవాళ్లకి ఈ వైరస్ ఎప్పుడూ సోకకుండా, తీసుకునేవాళ్లకి సోకి ఉంటే అదే ఎక్కువ రిస్క్ అట, ఎందుకంటే కొత్తగా వెళ్లిన కణాలకి ఈ వైరస్ ఎలా ఉంటుందో తెలియదు. నా టెస్ట్ నెగెటివ్ అని విన్న రోజు సంతోషించాను, ఆ మాట అర్థమయ్యాక రాత్రంతా నిద్ర పట్టలేదు.

ల్యాబ్ సంగతికొస్తే, రక్తం తీసే అబ్బాయికి నూటికి నూరు మార్కులు. ఆ దాడిని అదుపులో పెట్టే టాక్రోలిమస్ అనే మందు రక్తంలో ఎంతుందో కూడా చూడాలి కాబట్టి ఉదయం 8 గంటల మాత్ర వేసుకోకముందే రక్తం తీయాలి, అతను ఏడున్నరకల్లా గుమ్మంలో ఉండేవాడు. మాస్క్, చేతులకి శానిటైజర్, చెప్పులు బయట, ఇవేవీ చెప్పించుకోలేదు. కీమోతో నరాలు దొరకని చేతికి బటర్‌ఫ్లై సూదితో ఒక్కసారికే తీసేవాడు. మూడో వారం నుంచి నన్ను మేడమ్ అనడం మానేసి "అక్కా, ఈసారి ఎడమ చెయ్యి చూద్దామా" అని అడిగేవాడు. ఊదా మూత ట్యూబులో తీసి, ఐస్ ప్యాక్ ఉన్న డబ్బాలో పెట్టుకుని వెళ్లేవాడు. శాంపిల్ హైదరాబాద్ వెళ్తుంది, మూడో రోజు సాయంత్రానికి రిపోర్ట్ వస్తుంది. ఒకసారి శనివారం ఇచ్చాం, ఆదివారం అక్కడే ఆగిపోయి రిపోర్ట్ ఐదో రోజుకి వచ్చింది. అప్పటి నుంచి మంగళవారం ఖాయం చేసుకున్నాం, మీరూ వారం మొదట్లోనే ఇవ్వండి.

ఇప్పుడు అసలు గొడవ. రెండో వారం రిపోర్ట్‌లో సీఎంవీ ఐజీజీ పాజిటివ్ అని వచ్చింది. కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్లు సీఎంవీ అన్న మాట చూసి యాంటీబాడీ టెస్ట్ వేసేశారు. అమ్మ ఆ పాజిటివ్ అన్న మాట చూసి ఏడుపు మొదలుపెట్టింది. ఆ టెస్ట్ చెప్పేది వైరస్ ఎప్పుడో సోకిందని మాత్రమే, ఇప్పుడు లేచిందా లేదా అన్నది దానికి తెలియదు. మాకు కావాల్సింది క్వాంటిటేటివ్ పీసీఆర్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో లెక్కపెట్టేది. డబ్బు తిరిగి ఇచ్చారు, క్షమాపణ చెప్పారు, కానీ ఒక వారం నంబర్ మాకు లేకుండా పోయింది, ఈ జబ్బులో వారం చిన్న విషయం కాదు. బుక్ చేసేటప్పుడు "సీఎంవీ డీఎన్ఏ, క్వాంటిటేటివ్" అని చీటీ ఫోటో పంపి మరీ చెప్పండి.

ఇంకోటి, మధ్యలో చవకని ల్యాబ్ మార్చకండి. మా చుట్టం ఒకాయన వేరే చోట తక్కువకి చేస్తారని చెబితే నాకూ మనసు లాగింది, డాక్టర్ గారు వద్దన్నారు. 2010లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికి ఒక ప్రమాణం పెట్టింది, ఇంటర్నేషనల్ యూనిట్లలో చెప్పాలని, అయినా ఒక ల్యాబ్ నంబర్ ఇంకో ల్యాబ్ నంబర్‌తో సరిపోలదు. ప్లాస్మాలో చూస్తే ఒకటి, మొత్తం రక్తంలో చూస్తే ఇంకొకటి. ఒకే చోట చేయించినా మూడు రెట్లు మారితేనే నిజంగా మారినట్టట. 200 కాస్తా 300 అయిందని నేను పడ్డ టెన్షన్ మీరు పడకండి.

ఏడో వారం 340 వచ్చింది, ఎనిమిదో వారం 1,900. మనిషికి జ్వరం లేదు, దగ్గు లేదు, ఇడ్లీలు బాగానే తింటున్నాడు. ఈ టెస్ట్ విలువ అక్కడే తెలిసింది. లక్షణాలు కనిపించేసరికి ఊపిరితిత్తులకో పేగులకో పాకి ఉంటుంది. ఆ రోజు రిపోర్ట్ మెయిల్‌లోకి రాకముందే ల్యాబ్‌ నుంచి ఒకావిడ ఫోన్ చేసి "నంబర్ పెరిగిందమ్మా, డాక్టర్ గారికి వెంటనే పంపండి" అంది. ఆ ఒక్క ఫోన్ కోసమే వాళ్ల పాత పొరపాటు మర్చిపోయాను. ఆ రాత్రే సీఎంవీని అణిచే వాల్‌గాన్‌సైక్లోవిర్ అనే మందు మొదలైంది. మొదటి వారం నంబర్ తగ్గలేదు, కొంచెం పెరిగింది కూడా, స్టెరాయిడ్ల మీద ఉన్నవాళ్లకి అలా జరుగుతుందని డాక్టర్ గారు ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాం. ఆ మందు తెల్లరక్తకణాలని పడేస్తుంది, అందుకని వారానికి రెండుసార్లు సీబీసీ, అంటే రక్తకణాల లెక్క చూసే టెస్ట్, దానికీ అదే అబ్బాయి వచ్చాడు. నాలుగో వారానికి "నాట్ డిటెక్టెడ్" అని వచ్చింది.

చాలామంది అడుగుతున్నారు, ఎసైక్లోవిర్ మాత్ర రోజూ వేసుకుంటున్నాడు కదా, మళ్లీ ఈ టెస్ట్ ఎందుకని. అది సర్పి లాంటివి రాకుండా ఆపుతుంది, సీఎంవీని ఆపే బలం దానికి లేదు.

నేనిచ్చేది ఐదుకి నాలుగు. తగ్గించిన ఒకటి ఆ ఐజీజీకి. స్టెరాయిడ్ బాగా తగ్గింది, ఇప్పుడు రెండు వారాలకోసారే టెస్ట్. వచ్చే మంగళవారం ఏడున్నరకి అదే అబ్బాయిని పంపమని చెప్పి ఉంచాను.