నాన్న చివరి నెలలు: ఐసీయూ నుంచి హాస్పిస్ దాకా

నాన్నకు ఊపిరితిత్తుల క్యాన్సర్. రోగం బయటపడినప్పటి నుంచి ఆయన పోయేదాకా దాదాపు ఏడాదిన్నర పాటు హైదరాబాదులో రెండు రకాల వైద్యం చూశాం. మొదట ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రి, చివర్లో ఖాజాగూడలోని స్పర్శ్ హాస్పిస్, అంటే నయంకాని రోగులను చివరి రోజుల్లో బాధ తగ్గించి చూసుకునే చోటు. ఇదే అవస్థలో ఉన్న కుటుంబాలకు పనికొస్తుందని రాస్తున్నాను.

ప్రైవేటు ఆసుపత్రిలో కీమో సక్రమంగానే జరిగింది. అది ఇక పనిచేయదని తేలాక మాత్రం ఆ మాట మాతో ఎవరూ సూటిగా అనలేదు. ఎప్పుడు అడిగినా "చూద్దాం" అనేవారు. ఆయాసం ఎక్కువైతే ఐసీయూలో చేర్చారు. పూటకు ఒక్కరికే, అదీ కాసేపే లోపలికి అనుమతి. గొట్టాలు పీకేసుకుంటారని చేతులు మంచానికి కట్టారు. బిల్లు కౌంటర్ నుంచి రోజూ ఫోను వచ్చేది. నొప్పి ఎంత ఉందని మాత్రం ఆయన్ని అడిగిన నాథుడు లేడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. నర్సులను తప్పుపట్టను, ఒక్కొక్కరికి ఎంతమంది రోగులో నేను చూశాను.

కాస్త తేరుకున్నాక "వెంటిలేటర్ వద్దురా" అని నాన్నే చెప్పారు. అలా వద్దనే హక్కు రోగికి ఉందని సుప్రీంకోర్టు 2018లోనే తీర్పు ఇచ్చింది. ఆ కోరికను ముందుగానే ఇద్దరు సాక్షులతో నోటరీ దగ్గర రాసుకునేలా 2023లో పద్ధతిని సులువు చేసింది. ఆసుపత్రిలో ఈ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు.

హాస్పిస్‌లో మొదటి రోజే డాక్టరు కుర్చీ లాక్కుని నాన్న పక్కన కూర్చున్నారు. "పెద్దాయనా, ఇప్పుడు మిమ్మల్ని అన్నిటికంటే బాధపెడుతున్నది ఏది?" అని అడిగారు. నొప్పి కాదు, ఊపిరాడకపోవడం అన్నారు నాన్న. మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు మాట ఎత్తగానే మా బాబాయి భయపడ్డారు, ఊపిరి ఆగిపోతుందని. తక్కువ మోతాదులో నాలుగు గంటలకోసారి ఇస్తే ఆయాసం కూడా తగ్గుతుందని డాక్టరు ఓపికగా వివరించారు. మలబద్ధకం రాకుండా దాంతోపాటే ఇంకో మందు రాశారు. నర్సు ఒక చిన్న ఫ్యాన్ తెచ్చి గాలి సరిగ్గా ముఖానికి తగిలేలా పెట్టింది. అంత చిన్న పని ఎంత ఊరటనిచ్చిందో! ఆ రాత్రి నాన్న దిండ్లకు ఆనుకుని నిద్రపోయారు. నోరు ఎండిపోతే తడిగుడ్డతో ఎలా తడపాలో, పుండ్లు పడకుండా పక్కకు ఎలా తిప్పాలో అమ్మకు నేర్పారు. పైసా తీసుకోలేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెళ్లిరావడం ఒక్కటే మాకు కష్టమైంది.

మార్ఫిన్ వీధిలోని మందుల షాపులో దొరకదు. గుర్తింపు పొందిన ఆసుపత్రులు దాన్ని సులువుగా నిల్వ ఉంచుకునేలా 2014లో చట్టం సవరించినా, అన్ని ఆసుపత్రులూ ఉంచవు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలోనూ పాలియేటివ్ కేర్ విభాగం, అంటే నొప్పి, ఆయాసం లాంటి బాధలు తగ్గించే వైద్య విభాగం ఉంది. ముదిరిన క్యాన్సర్ అని తెలిసిన రోజే ఆ వైద్యులను కలవాలని అడగండి. కీమో ఆపనక్కర్లేదు, రెండూ కలిపి నడుస్తాయి. బయాప్సీ రిపోర్టు, స్కాన్లు, డిశ్చార్జి కాగితాల నకళ్లు ఒక సంచిలో సిద్ధంగా ఉంచుకోండి, కొత్తచోట మొదట అడిగేవి అవే.