వేసవిలో పినో నువార్ తెప్పించుకునేవాళ్లకు హెచ్చరిక: సీసాలోనే ఉడికిపోయిన వైన్ అంటగడుతున్నారు

ఈ నష్టం ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు మధ్యలో జరుగుతుంది. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రంలోని విలామెట్ లోయ నుంచి డాలస్‌కో, హ్యూస్టన్‌కో, ఫీనిక్స్‌కో ఎవరో పినో నువార్ అనే రెడ్ వైన్ ఆరు సీసాలు తెప్పించుకుంటారు. పెట్టె చూడటానికి బాగానే ఉంటుంది. తెరిచి గ్లాసులో పోస్తే మాత్రం తాజా చెర్రీ వాసన రాదు. బెల్లప్పాకంలో మగ్గిన పండు వాసన, ఎండు ఖర్జూరం వాసన వస్తుంది. రుచి నాలుక మీద చప్పగా పడి ఆగిపోతుంది. అమ్మినవాళ్లను అడిగితే "పినో అంటే పల్చగానే ఉంటుందండీ, మీకు అలవాటు లేదేమో" అంటారు. ఆ మాట నమ్మకండి. పినో నువార్ పల్చగా ఉండే మాట నిజమే కానీ ఉడికిన వాసన దాని గుణం కాదు. అది దారిలో ఎండ తగిలి చెడిపోయిన సరుకు.

పినో ద్రాక్ష తోలు పల్చన. అందుకే రంగూ తక్కువ, వగరూ తక్కువ. కాబెర్నే లాంటి చిక్కటి రెడ్ వైన్‌లో ఉండే గట్టి వగరు గాలి చేసే చెడుపును కొంతవరకు అడ్డుకుంటుంది. పినోకు ఆ రక్షణ తక్కువ. దాని విలువంతా సన్నటి పండు వాసనలో, చురుకైన పులుపులో ఉంది. ఫ్రాన్స్‌లోని బర్గండీ, విలామెట్, న్యూజిలాండ్‌లోని సెంట్రల్ ఒటాగో లాంటి చల్లటి చోట్ల దాన్ని పెంచేదే ఆ రెండూ నిలవాలని. వేడి తగిలితే ముందు పోయేవీ అవే.

మామూలుగా ఈ వైన్‌ను 12 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిల్వ చేస్తారు. 30 దాటితే చెడిపోవడం మొదలవుతుంది. ఎండలో నిలిపిన డెలివరీ వ్యాన్ లోపలి వేడి బయటి వేడి కంటే చాలా ఎక్కువ. 20 డిగ్రీల నుంచి 40కి వెళితే 750 మిల్లీలీటర్ల వైన్ సుమారు 5 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తుంది. సీసా మెడలో ఖాళీ ఉండేదే కొద్దిపాటి. కాబట్టి ఆ ఒత్తిడికి బిరడా పైకి జరుగుతుంది, పక్కల నుంచి వైన్ ఊరుతుంది. రాత్రి చల్లబడేసరికి వైన్ ముడుచుకుని, ఊరిన దారిలోనే గాలిని లోపలికి లాక్కుంటుంది. వేడి ఒక దెబ్బ, గాలి రెండో దెబ్బ.

సీసా చేతికి రాగానే తెరవకుండా చూడాల్సినవి ఉన్నాయి. మెడ మీది రేకును బొటనవేలితో నొక్కండి. బిరడా సీసా అంచుకు సమంగానో, కాస్త లోపలికో ఉంటే మంచిదే. బుడిపెలా పైకి తగిలితే అనుమానించాలి. రేకు అంచు కింద జిగట, ఎండిన ఎర్ర చార ఉన్నాయేమో చూడండి. రేకును మెల్లగా తిప్పితే సులువుగా తిరిగేది మంచి గుర్తే, అయితే తిరగనంత మాత్రాన చెడిందని కాదు. కొన్ని రేకులు మొదటి నుంచే బిగుతుగా ఉంటాయి. తర్వాత వైన్ మట్టం. మూడు నాలుగేళ్ల లోపు సీసాలో బిరడా అడుగు నుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల కింద వైన్ ఉండాలి. నాలుగు సెంటీమీటర్లు దిగిందంటే అది ఎటో కారినట్టే. తెరిచాక బిరడాను పక్కనుంచి చూడండి. అడుగు ఎర్రగా ఉండటం సహజం. అడుగు నుంచి పై కొస దాకా ఎర్ర గీత పాకితే అదే మీ సాక్ష్యం, పారేయకండి.

బిరడాకు బదులు తిప్పి తీసే మరమూత ఉన్న సీసాలో ఈ గుర్తులేవీ కనిపించవు. న్యూజిలాండ్ సీసాలు చాలావరకు మరమూతవే. మూత కారకపోయినా లోపల వైన్ ఉడకవచ్చు, అక్కడ ముక్కునే నమ్ముకోవాలి.

ఇప్పుడు అసలు చిక్కు. మంచి వైన్‌ను వెచ్చగా పోసినా దాదాపు ఇలాంటి వాసనే వస్తుంది. "రెడ్ వైన్ గది వేడిలో తాగాలి" అన్న మాట 16, 18 డిగ్రీలుండే పాతకాలం యూరప్ గదుల్లో పుట్టింది. మే నెలలో హైదరాబాద్ ఇంట్లో 32 డిగ్రీలుంటే అదే మాట పట్టుకుని పోస్తే ఆల్కహాల్ ఘాటు ముక్కులోకి దూసుకొస్తుంది, పులుపు చచ్చిపోతుంది, పండు జామ్‌లా అనిపిస్తుంది. కాబట్టి అమ్మినవాళ్ల మీద పడేముందు ఈ పరీక్ష చేయండి.

బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి సీసాను మెడ దాకా ముంచండి. ఉత్త ఐసు చాలదు, నీళ్లుంటేనే చల్లదనం గాజుకు అంటుతుంది. 28 డిగ్రీల సీసా 12 నుంచి 15 నిమిషాల్లో 15 దగ్గరకు వస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే గంట పైనే పడుతుంది. వంటింటి థర్మామీటర్ ఉంటే గ్లాసులో ముంచి చూసుకోవడం అన్నిటికన్నా మేలు. 13 నుంచి 16 మధ్య, అంటే సుమారు 55 నుంచి 61 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలి. బొజ్జ వెడల్పుగా ఉన్న పెద్ద గ్లాసులో 50 మిల్లీలీటర్లు మాత్రం పోసి, తెల్ల కాగితం మీదికి వంచి అంచు రంగు చూడండి. రెండు మూడేళ్ల పినో అంచు దాకా దానిమ్మ గింజ ఎరుపులో, కాస్త గులాబీ జీరతో ఉండాలి. ఆ వయసుకే అంచు ఇటుక రంగుకో, గోధుమ రంగుకో తిరిగితే గాలి సోకినట్టు. ఇప్పుడు వాసన చూడండి. చల్లబడ్డాక చెర్రీ, స్ట్రాబెర్రీ, తడి ఆకుల వాసన పైకి తేలితే వైన్ బాగున్నట్టే, మీరు వెచ్చగా పోశారంతే. 15 డిగ్రీల్లోనూ పాకం వాసనే ఉంటే అది ఉడికిన సరుకు.

వేరే దోషాలతో కలిపేసుకోవద్దు. కాల్చిన అగ్గిపుల్ల, రబ్బరు వాసనలైతే గ్లాసును గట్టిగా తిప్పి పావుగంట ఆగండి, చాలాసార్లు పోతాయి. తడిసిన అట్టపెట్టె, బూజు వాసనైతే బిరడా నుంచి వచ్చిన టీసీఏ అనే రసాయనం చేసిన పని. అది ఆగేకొద్దీ పెరుగుతుందే తప్ప తగ్గదు, ఆ సీసా కూడా వాపసు ఇవ్వాల్సిందే. అడుగున చిన్న స్ఫటికాలు, కాస్త మడ్డి ఉంటే మాత్రం దోషం కాదు.

ఆన్‌లైన్ ఆర్డర్లలో ఎక్కువ సీసాలు పాడయ్యేది చివరి రోజున. అమెరికాలో వైన్ పెట్టె అందుకోవడానికి 21 ఏళ్లు నిండినవాళ్ల సంతకం కావాలి. ఇంట్లో ఎవరూ లేకపోతే పెట్టె తిరిగి వ్యాన్ ఎక్కుతుంది, మర్నాడు మళ్లీ రోజంతా ఎండలో ఊరు తిరుగుతుంది. మూడుసార్లు ఇలా తిరిగిన పెట్టె మీద ఆశ పెట్టుకోకండి. కాబట్టి ఇంటి చిరునామా కాకుండా, ఏసీ ఉండే పికప్ కేంద్రానికి తెప్పించుకోండి. సోమవారం బయల్దేరేలా చూడమని రాయండి. గురువారం కదిలితే శని, ఆదివారాలు గోదాంలో పడి ఉంటుంది. చల్లటి ప్యాక్‌కు అదనంగా అడిగితే ఇవ్వండి, కానీ అది రెండు రోజుల ప్రయాణానికే పనికొస్తుంది, ఐదు రోజులకు కాదు. ఎండలు తగ్గేదాకా పంపొద్దంటే చాలా వైనరీలు సీసాలను తమ దగ్గరే ఉంచుతాయి. అక్టోబరు దాకా ఆగగలిగితే అంతకన్నా మంచి మార్గం లేదు.

హైదరాబాద్‌లో, విజయవాడలో దుకాణంలో కొనేవాళ్లు సీసా ఎక్కడ నిలబడి ఉందో చూడండి. పై అరలో, లైటు కింద, రోడ్డు వైపు అద్దానికి ఆనించి ఉన్నది వద్దు. ఏసీ పగలు మాత్రమే వేసి రాత్రి ఆపేస్తారా అని అడగండి. దిగుమతిదారు స్టిక్కర్ మీద నెల, సంవత్సరం ఉంటే చదవండి. రెండు వేసవులు గోదాంలో గడిపిన 8,000 రూపాయల బర్గండీ కంటే మొన్న వచ్చిన 3,000 రూపాయల సీసా మేలు. విదేశాల నుంచి తెచ్చుకునేవాళ్లకు సుంకం లేకుండా 2 లీటర్ల దాకానే అనుమతి కాబట్టి 750 మిల్లీలీటర్ల సీసాలు రెండే. ఆ రెండింటినీ శంషాబాద్ నుంచి వచ్చేటప్పుడు డిక్కీలో పెట్టి దారిలో భోజనానికి ఆగొద్దు.

లేబుల్ విషయం క్లుప్తంగా. అమెరికా నిబంధన ప్రకారం 75 శాతం పినో ఉంటే చాలు, పినో అని రాసుకోవచ్చు. ఆరెగన్‌లో అది 90 శాతం. అందుకే నల్లగా, చిక్కగా, 14.5 శాతం ఆల్కహాల్‌తో చవగ్గా దొరికే 'పినో' మీద అనుమానం ఉండటం తప్పు కాదు. మెర్లో, సిరా ద్రాక్షల వైన్‌ను పినో పేరిట అమెరికాకు అమ్మినందుకు 2010లో ఫ్రాన్స్‌లోని కార్కాసోన్ కోర్టు 12 మందిని దోషులుగా తేల్చింది కూడా. ఇక బర్గండీలో జెవ్రే అనే ఊరు 1847లో తన ప్రసిద్ధ తోట పేరు చేర్చుకుని జెవ్రే-షాంబర్తాన్ అయింది. షాంబర్తాన్ అని మాత్రమే ఉంటే గ్రాన్ క్రూ, అంటే అన్నిటికన్నా పై శ్రేణి తోట వైన్, రెండు పేర్లూ కలిసి ఉంటే ఆ ఊరి వైన్. ఊరి వైన్ చూపించి తోట ధర చెబితే కొనకండి. 'కోతో బుర్గిన్యోన్' అని ఉన్న బర్గండీ సీసాలో పినో అసలు లేకపోవచ్చు, అది మొత్తం గామే ద్రాక్షదైనా చట్టానికి సమ్మతమే.

ఉడికిన సీసా వచ్చిందని తేలితే మిగతా వైన్ పారబోయకండి. సగానికి పైగా ఉన్న సీసాకు బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బిరడా పక్క భాగం, వైన్ మట్టం, పెట్టె మీది షిప్పింగ్ లేబుల్ ఫొటోలు తీయండి. ట్రాకింగ్ పేజీలో ఏ ఊళ్లో ఎన్ని గంటలు ఆగిందో ఆ వరుసంతా స్క్రీన్‌షాట్ తీసుకోండి. తెరవని సీసాలను కదపొద్దు, ఒక్కటి తెరిచి చెడిందని తేలాక మిగతావి వాపసు అడగడానికి అవి తెరవకుండా ఉండాలి. "రుచి నచ్చలేదు" అని మాత్రం రాయకండి. ఆ మాట పట్టుకుని తోసిపుచ్చుతారు. "వేడికి పాడైంది, బిరడా పక్కన కారిన గీత ఉంది, 15 డిగ్రీల్లో చూశాం" అని రాయండి.