యనగావాలో పడవ తేల్చింది, హోటల్ ముంచింది

ఉల్లిపాయ కూడా ముట్టని మా అత్తయ్య ముందు 4,800 యెన్ల చేప తెచ్చి పెట్టారు. ఆ కడుపుమంటతోనే ఇది రాస్తున్నా.

ముందు మంచి సంగతి. జపాన్‌లో ఫుకువోకా తెంజిన్ స్టేషన్ నుంచి నిషితెత్సు కంపెనీ ఎక్స్‌ప్రెస్ రైల్లో, కాలవల ఊరు యనగావాకి సుమారు 50 నిమిషాలు. పడవకి మాకు మనిషికి 2,000 యెన్లు పడింది. రైలూ పడవా కలిపి ఒకే టికెట్ తెంజిన్‌లోనే అమ్ముతారు, అది కొనుక్కోండి.

పడవలో కుర్చీలు ఉండవు. చెప్పులు విప్పి కింద కూర్చోవాలి, అదీ గంటా పది నిమిషాలు. అత్తయ్య మోకాళ్లు తలుచుకుని నాకు టెన్షన్. ఆవిడేమో అంచుకి ఆనుకుని, కాళ్లు చాపుకుని, ఇక లేవనన్నట్టు కూర్చుంది. మోటారు లేదు, ఒక్క వెదురు గెడతోనే నడిపించాడు పెద్దాయన. ఒక వంతెన కింద పడవకీ గోడకీ మధ్య జానెడు సందు కూడా లేదు. "తలలు వంచండి" అని కేకేసి, గెడ పడుకోబెట్టి, తనూ చతికిలబడ్డాడు. ఆ చీకట్లోనే గొంతెత్తి పాట అందుకున్నాడు, గోడలు మోగాయి. ఈ ఊళ్లో పెరిగిన కవి కితహారా హకుషూ పాటట. 1885లో పుట్టిన ఆయన ఇల్లు పడవ దిగే చోటికి దగ్గరే, ఇప్పుడు మ్యూజియం.

కోట కోసం, పొలాల కోసం తవ్వుకున్న ఈ కాలవలు 1970ల నాటికి చెత్తతో నిండిపోయాయి. పూడ్చి సిమెంటు కప్పేద్దామని మునిసిపాలిటీ పథకం వేస్తే, అందులోనే పనిచేసే హిరోమత్సు త్సుతాయే అడ్డం తిరిగి, ఊరి జనాన్ని కూడగట్టి శుభ్రం చేయించాడు. ఇది చెప్పగానే మా బెజవాడ అత్తయ్య, "మన బందరు కాలవకి ఇలాంటోడు ఒక్కడు దొరకలేదే" అంది.

దిగాక ఒకప్పుడు ఈ ఊరిని ఏలిన తచిబానా ప్రభువుల భవనం, నల్ల పైన్ చెట్ల తోట చూశాం. బాగుంది.

ఇక హోటల్. ఇక్కడి గొప్ప వంటకం సెయిరోముషి: సాస్ కలిపిన అన్నం మీద కాల్చిన ఉనాగి, అంటే మన మలుగుపాము చేప, పైన సన్నగా తరిగిన గుడ్డట్టు, అంతా చెక్కపెట్టెలో ఆవిరి మీద ఉడికిస్తారు. దాదాపు గంట లైన్లో నిలబెట్టి, లోపల కూర్చున్నాక చెప్పారు, మనిషికో పెట్టె ఆర్డర్ చేయాల్సిందేనని. గుమ్మం దగ్గర ఒక్క ముక్క చెప్తే పోయేది కదా! వట్టి అన్నం అడిగితే లేదన్నారు. సూప్‌లో చేప లివర్. అత్తయ్య ఊరగాయ ముక్కలు నాలుగు నమిలి, మంచినీళ్లు తాగి, గోడకేసి చూస్తూ కూర్చుంది. మా ఆయన మాత్రం తనదీ, వాళ్లమ్మదీ లాగించేసి, "రుచికి వంక పెట్టలేం" అన్నాడు. నిజమే, నోట్లో వెన్నలా కరిగింది. కానీ ముగ్గురికి 14,400 యెన్లు! తిరుగు రైల్లో ఆయనతో ఎవరం మాట్లాడలేదు.

శాకాహారులుంటే ఫుకువోకాలోనే పులిహోర కలుపుకుని బయల్దేరండి. చలికాలంలో పడవలో కాళ్లకి వెచ్చగా కొతాత్సు, అంటే దుప్పటి కప్పిన వేడి బల్ల, పెడతారు, అప్పుడే వెళ్లాలనిపించింది నాకు. కాకపోతే ఫిబ్రవరిలో కొన్నాళ్లు శుభ్రం చేయడానికి కాలవల్లో నీళ్లు తీసేస్తారు, ఆ తేదీలు చూసుకోండి. పడవ ఒకవైపే వెళ్తుంది, స్టేషన్‌కి బస్సెక్కాలి. ఆఖరి బస్సు ఎన్నింటికో టికెట్ కొనేటప్పుడే అడగండి.