బేస్‌మెంట్‌లో సిగ్నల్ లేదా? ఫెమ్టోసెలా, వైఫై కాలింగా?

అమెరికాలో కొత్తింటి బేస్‌మెంట్‌లో ఫోన్ మూగబోతే ముఖ్యమైన దారులు రెండు: ఇంట్లోనే చిన్న సెల్ టవర్‌లా పనిచేసే ఫెమ్టోసెల్ పెట్టె, లేదా కాల్‌ని ఇంటి వైఫై మీదుగా పంపే వైఫై కాలింగ్. రెండూ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీదే నడుస్తాయి కాబట్టి నెట్ పోతే రెండూ పోతాయి.

ఖర్చు: ఫెమ్టోసెల్ పెట్టె కొనాలి. వైఫై కాలింగ్ చాలా ఫోన్ల సెట్టింగ్స్‌లోనే ఉంటుంది.

శ్రమ: పెట్టెకి సాధారణంగా జీపీఎస్ అందాలి, అందుకే కిటికీ పక్కన పెట్టాలి. వైఫై కాలింగ్‌కి 911 (అమెరికా అత్యవసర నంబర్) కోసం చిరునామా నమోదు చేస్తే చాలు. ఇల్లు మారినప్పుడు దాన్ని మార్చడం మాత్రం మరవకండి, ఆపదలో అంబులెన్స్ పాత ఇంటికి వెళ్లే ప్రమాదం ఉంది.

రిస్క్: పెట్టె ఒక్క మొబైల్ కంపెనీకే పనిచేస్తుంది. 2022లో ఏటీ అండ్ టీ 3జీ ఆపేశాక ఆ కంపెనీ అమ్మిన మైక్రోసెల్ అనే ఫెమ్టోసెల్ పెట్టెలు మూలన పడ్డాయి.

వైఫై కాలింగ్ లేని ఫోన్ వాడే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఫెమ్టోసెల్ కొనండి. మిగతావాళ్లు ముందు వైఫై కాలింగే పెట్టి చూడండి.