ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో నా ఓటు దుడ్డుకర్రకే

1997లో వచ్చిన కంప్యూటర్ గేమ్ ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఏనుగులు, రథాలు, రాళ్లు విసిరే యంత్రాలు చాలానే ఉన్నాయి. నాకు మాత్రం క్లబ్‌మ్యానే ఇష్టం. చేతిలో దుడ్డుకర్ర, అంతే. రాతియుగంలో మనకు దొరికే సైనికుడు ఇతనొక్కడే.

సైనికుల్ని తయారుచేసే బ్యారక్స్ కట్టడానికి 125 కలప, ఒక్కో క్లబ్‌మ్యాన్‌కి 50 ఆహారం. పళ్లు కోసి, కట్టెలు కొట్టే పనివాడు విలేజర్ ఖరీదు కూడా సరిగ్గా అంతే! అంటే ఒక్కో క్లబ్‌మ్యాన్‌ని తీసుకున్నప్పుడల్లా పళ్లు కోసే ఒక చెయ్యి వదులుకుంటున్నాం. ఆటలో అసలు మజా ఈ లెక్కలోనే ఉంది. ముగ్గురు నలుగుర్ని తొందరగా అవతలివాడి పళ్లపొదల దగ్గరికి పంపి చూడండి. విలేజర్ ప్రాణం 25, ఇతనిది 40. చంపకపోయినా ఫర్వాలేదు. వాళ్లు పని ఆపి పరుగెత్తితే చాలు, అవతలివాడికి టెన్షన్ మొదలవుతుంది.

రాతియుగం తర్వాత వచ్చే టూల్ ఏజ్‌లో విలుకాళ్లు దిగాక మాత్రం దగ్గరికి వెళ్లేలోపే మన క్లబ్‌మ్యాన్ పడిపోతాడు. అప్పుడిక ఆలస్యం చెయ్యకుండా గొడ్డలివాడిగా మార్చుకోవాలి. ఇదే ఆటకి మెరుగులు దిద్ది 2018లో తెచ్చిన డెఫినిటివ్ ఎడిషన్‌లో బొమ్మలు చాలా అందంగా ఉన్నాయి, కొత్తవాళ్లు దాంతోనే మొదలుపెట్టండి. కంప్యూటర్‌తో కాకుండా స్నేహితుడితో ఆడితే ఈ కర్ర విలువ ఇంకా బాగా తెలుస్తుంది.